సబ్‌స్ట్రేట్ కాదు, నేల

పోయిన వేసవిలో మా అక్క మనవడు కర్నూలు నుంచి వచ్చి రెండు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. సెమినారు కోసం గ్రాఫీన్ పొరల గురించి ఏదో రాసుకుంటూ, "తాతా, సబ్‌స్ట్రేట్‌ను తెలుగులో ఏమనాల?" అని అడిగాడు. నేను తడుముకోకుండా "ఆధారతలం" అన్నాను. వాడు బుద్ధిగా రాసుకున్నాడు. తప్పు చెప్పానని నాకు తెల్లవారిన తరువాత గాని తోచలేదు. ఆ తప్పును దిద్దుకోవడానికే ఈ టపా.

మాటలు పుట్టించే వ్యసనం మనలో చాలామందికి పాతదే. బ్లాగులు కొత్తగా రాస్తున్న రోజుల్లో 'టపా', 'జాలం', 'నెనర్లు' వంటి మాటలను ఎంత పట్టుదలగా వాడామో, వాటి మీద ఎంతగా వాదులాడుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వాదాలన్నీ మాట వినసొంపుగా ఉందా, సంస్కృతమా, అచ్చతెలుగా అన్నదాని చుట్టూనే తిరిగేవి. మాట నిజం చెబుతోందా అని అడిగినవారు తక్కువ. 'ఆధారతలం' వినసొంపైన మాటే. అయితే అది అబద్ధం చెబుతుందని నా అభియోగం. దాన్ని రుజువు చేయాలంటే కొంచెం శాస్త్రంలోకి దిగక తప్పదు.

పెన్సిలు ములుకులోని గ్రాఫైటు, కర్బన పొరల దొంతర. ఒక్కొక్క పొరలో పరమాణువులు తేనెపట్టు గదుల్లాగా షడ్భుజాలుగా అల్లుకొని ఉంటాయి. పొరలోపలి బంధం ఎంత గట్టిదో, పొరకూ పొరకూ మధ్య పట్టు అంత బలహీనమైనది. 2004లో మాంచెస్టరులో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ జిగురుటేపుతో ఒలిచి ఒంటి పొరను వేరుచేసి, దానిలో విద్యుత్తు ఎలా నడుస్తుందో కొలిచారు. అదే గ్రాఫీన్. 2010లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకు వార్తాపత్రికలు చదివేవారికి తెలిసిన కథే.

ఆ తరువాతి ప్రశ్న: ఒక పొర మీద ఇంకొక పొరను పరిచి, పైదాన్ని కాస్త తిప్పితే ఏమవుతుంది? దీన్ని కొందరు 'మెలితిప్పడం' అని రాస్తున్నారు. మెలి పెట్టేది తాడుకు, చెవికి. ఇక్కడ జరిగేది విసుర్రాయి పని: కింది బిళ్ళ కదలదు, పై బిళ్ళ దాని మీదే చదునుగా తిరుగుతుంది. కాబట్టి 'తిప్పు కోణం' అంటే చాలు.

ఇంట్లో దోమతెర గుడ్డ ఉంటే రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కన్నులు సరిగ్గా కలిసినప్పుడు ఏమీ కనబడదు. పై పొరను పిసరంత తిప్పగానే, ఏ పొరలోనూ లేని పెద్ద పెద్ద మచ్చల వరుసలు తేలుతాయి. ఒక డిగ్రీ తిప్పితే ఆ మచ్చల ఎడం దారాల ఎడానికి దాదాపు 57 రెట్లు ఉంటుంది. దారాల మధ్య ఒక మిల్లీమీటరు ఉంటే మచ్చల మధ్య అయిదున్నర సెంటీమీటర్లకు పైనే అన్నమాట. రెండు డిగ్రీలు తిప్పితే అది సగానికి పడిపోతుంది. తిప్పు తగ్గేకొద్దీ అచ్చు పెరుగుతుంది, అదే దీనిలోని తమాషా. ఈ అచ్చును ఫ్రెంచివారి పట్టుగుడ్డ పేరుతో మ్వారే అంటారు. ఆ మాటను అలాగే ఉంచుకుందాం. ఎమ్మిగనూరు నేతగాళ్ళనో మాధవరం నేతగాళ్ళనో అడిగితే దీనికొక మంచి మాట దొరుకుతుందేమో!

గ్రాఫీన్‌లో 'దారాల ఎడం' 0.246 నానోమీటర్లు. 1.1 డిగ్రీలు తిప్పితే మ్వారే అచ్చు దాదాపు 13 నానోమీటర్లకు పెరుగుతుంది. అచ్చులోని ఒక్క గడిలో దాదాపు పదకొండు వేల కర్బన పరమాణువులు ఇముడుతాయి. ఒంటి పొరలో సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లు ఈ కోణం దగ్గర దాదాపు నిలబడిపోతాయని 2011లో రఫీ బిస్ట్రిట్జర్, అలన్ మెక్‌డొనాల్డ్ లెక్కకట్టారు. మహానంది శివరాత్రి తిరునాళ్ళలో జనం బిరబిరా నడుస్తున్నంతసేపు పక్కవాడెవడో ఎవరికీ పట్టదు. వరుస ఆగిందా, మోచేతుల సంగతి అప్పుడు తెలుస్తుంది. ఆగిన ఎలక్ట్రాన్లూ అంతే, ఒకదానినొకటి గట్టిగా పట్టించుకోవడం మొదలుపెడతాయి. 2018 మార్చిలో ఎమ్‌ఐటీలో పాబ్లో హరియో-హెరేరో బృందం, అందులో యువాన్ చావ్ అనే విద్యార్థి ముందుండి, ఈ కోణం దగ్గర రెండు పొరల గ్రాఫీన్ ఒకసారి అవాహకంగాను, ఎలక్ట్రాన్ల సంఖ్యను కొంచెం మార్చగానే 1.7 కెల్విన్ల దిగువన అతివాహకంగాను మారుతుందని చూపింది. అంతే, 'మాయా కోణం' అని ప్రపంచమంతా మోగిపోయింది.

నా పేచీ ఇక్కడ మొదలవుతుంది. 'మాయా కోణం' అనగానే కథంతా ఆ రెండు పొరలది, వాటి మధ్య కోణానిది అయిపోయింది. అవి దేని మీద పరచి ఉన్నాయన్నది వ్యాసం చివర ఒక వాక్యమైంది. బొమ్మల్లో అయితే పొరలు శూన్యంలో తేలుతుంటాయి. నిజానికి ఒక పరమాణువంత మందమున్న వస్తువుకు లోపల అంటూ ఏదీ లేదు, ఉన్నదంతా ఉపరితలమే. అలాంటి వస్తువును దేనికి ఆనించినా, ఆనించినది దాని గుణంలోకి వచ్చి చేరుతుంది.

ఆ సంగతి మొదట బయటపడింది కూడా కష్టం రూపంలోనే. తొలి ఏళ్ళలో గ్రాఫీన్‌ను సిలికాన్ పలక మీద పెంచిన గాజు వంటి సిలికా పొర మీద పరిచేవారు. సరైన మందం ఉంటే సూక్ష్మదర్శినిలో గ్రాఫీన్ కంటికి ఆనుతుందని. ఆ సిలికా గరుకు. పైగా దానిలో చిక్కుకున్న విద్యుదావేశాల వల్ల పై పొరలో ఎలక్ట్రాన్లు ఒకచోట మడుగు కట్టేవి, ఇంకొకచోట కొరతపడేవి. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయంవారు సిలికాకు బదులు షడ్భుజ బోరాన్ నైట్రైడు పలుకుల మీద గ్రాఫీన్‌ను పరిచారు. ఎలక్ట్రాన్ల కదలిక దాదాపు పదింతలు సులువైంది. గ్రాఫీన్ అదే. కింది పొర మాత్రమే మారింది.

అంతటితో ఆగలేదు. బోరాన్ నైట్రైడుదీ తేనెపట్టు అల్లికే, కాకపోతే గ్రాఫీన్ కంటే 1.8 శాతం పెద్దది. ఆ కొద్దిపాటి తేడా వల్ల, రెంటినీ తిప్పకుండా సరిగ్గా ఒదిగించినా 14 నానోమీటర్ల మ్వారే అచ్చు పడుతుంది. 2013లో మూడు బృందాలు ఆ అచ్చులోనే, 1976లో డగ్లస్ హాఫ్‌స్టాటర్ కాగితం మీద గీసిన సీతాకోకచిలుక వంటి శక్తిపటం జాడలను కొలిచి చూపాయి. పై పొర ఒక్కటే అయినా, కిందిదే దాని మీద అచ్చు వేసిందన్నమాట.

ఇప్పుడు మాయా కోణం దగ్గరికి వద్దాం. గ్రాఫీన్‌లో షడ్భుజపు మూలలన్నీ కర్బనమే. ఒకటి విడిచి ఒకటిగా తీసుకున్న రెండు జట్లూ సరిసమానం. బోరాన్ నైట్రైడులో ఒక జట్టు బోరాన్, మరొకటి నైట్రోజన్. గ్రాఫీన్‌ను దాని మీద ఒదిగించి పరిస్తే, పైనున్న రెండు జట్ల సమానత్వం చెడిపోతుంది. సౌష్ఠవం చెడితే ఏ స్థాయిలు విడిపోతాయో చెప్పే సమూహ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర విద్యార్థుల కోసం సూరి భగవంతం, టి. వెంకటరాయుడు గార్లు 1948లోనే వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఆంగ్లంలో పుస్తకంగా వేశారని ఇక్కడ గుర్తుచేసుకోవడం నాకు ఇష్టం. ఆ చదువు ఊహించినట్టే జరిగింది. మాయా కోణానికి దగ్గరగా తిప్పి, బోరాన్ నైట్రైడుతో ఒదిగించిన నమూనాలో 2019లో స్టాన్‌ఫర్డువారు కొలిస్తే అయస్కాంత గుణం కనబడింది. 2020లో శాంటా బార్బరాలో ఆండ్రియా యంగ్ బృందం ప్రకటించిన కొలతల్లో, బయటి అయస్కాంతక్షేత్రం ఏమీ లేకుండానే హాల్ నిరోధం 25.8 కిలో ఓముల దగ్గర మెట్టు కట్టి నిలిచింది. కర్బనంలో అయస్కాంతం! అదే కర్బనం, దాదాపు అదే కోణం. ఒదగని చోట అతివాహకత పేరు తెచ్చుకుంది, ఒదిగిన చోట అయస్కాంతత్వం.

ఇంకా ఉన్నాయి. 2020లోనే కాల్‌టెక్‌వారు టంగ్‌స్టన్ డైసెలినైడు పొరను ఆనించి చూస్తే, మాయా కోణానికి ఎంతో దిగువన 0.79 డిగ్రీల దగ్గర కూడా అతివాహకత నిలిచింది. బార్సెలోనావారు బోరాన్ నైట్రైడు మందాన్ని పది నానోమీటర్ల వరకు తగ్గించి, కింది లోహపు పలకను దగ్గరికి తెచ్చారు. ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ మీద అది తెరలా పనిచేసి, అవాహక స్థితులు అణగిపోయాయి, అతివాహకత మిగిలింది. అవాహకత నుంచే అతివాహకత పుడుతుందని అంతవరకు గట్టిగా వాదించినవారు కొంత తగ్గవలసివచ్చింది. ఇక 2024లో ఎమ్‌ఐటీలో లాంగ్ జూ బృందం చూపినది అన్నిటికంటే చిత్రం. మెట్లమెట్లుగా పేర్చిన అయిదు గ్రాఫీన్ పొరలు, వాటి మధ్య తిప్పు అన్నదే లేదు, బోరాన్ నైట్రైడుతో ఒదిగించారు. అయస్కాంతక్షేత్రం లేకుండానే హాల్ నిరోధంలో భిన్నాంకాల మెట్లు కనబడ్డాయి. అదీ ఎలక్ట్రాన్లను బోరాన్ నైట్రైడుకు దూరంగా, అవతలి ముఖం వైపు తోసినప్పుడు. అందులో కింది పొర పాత్ర ఎంత అన్న వాదం ఇంకా సాగుతూనే ఉంది. అలాంటి వాదం సాగుతున్న వస్తువుకు 'ఆధారం' అని పేరు పెడితే తీర్పు ముందే చెప్పేసినట్టు కాదా?

ఆధారం అంటే మోసేది, మోసి ఊరకుండేది. స్తంభం, పీట, గోడమేకు. ఇక్కడ జరుగుతున్నది అది కాదు.

మావైపు బేల్దారిని అడిగితే ఈ సంగతి చక్కగా చెబుతాడు. బేతంచెర్ల బండలు ఎంత మేలురకానివి తెచ్చి పరిచినా, కింద నల్లరేగడి ఉంటే నాలుగు వానలకు బండలు లేస్తాయి, గోడలు నెర్రెలిస్తాయి. నంద్యాల వైపు ఇల్లు కట్టినవారికి ఇది అనుభవం. రేగడి బంకమన్ను కూడా పొరల పదార్థమే. నీరు ఆ పొరల మధ్యకు చొరబడి వాటిని ఎడం చేస్తుంది, మన్ను ఉబ్బుతుంది. ఎండితే మళ్ళీ దగ్గరపడి బీటలు వారుతుంది. అందుకే బేల్దారి బండను చూడకముందు నేలను చూస్తాడు. రైతు సంగతి చెప్పనే అక్కరలేదు. రేగడిలో శనగ, పత్తి, ఎర్రనేలలో వేరుశనగ. విత్తనం ఒకటే అయినా పంట నేలను బట్టే. తెలుగులో 'నేల' అన్న మాట ఏనాడూ ఊరకుండే వస్తువును చెప్పలేదు. నేల తీసుకుంటుంది, ఇస్తుంది, పాడు చేస్తుంది. సబ్‌స్ట్రేట్ చేసే పనులన్నీ ఆ మాటలో ముందే ఉన్నాయి. నా ప్రతిపాదన అంతే: సబ్‌స్ట్రేట్‌ను నేల అందాం. బోరాన్ నైట్రైడు నేల, సిలికా నేల, ఒదిగిన నేల, ఒదగని నేల.

శాస్త్రానికి ఇంత మామూలు మాట పనికిరాదని, పారిభాషిక పదం వాడుక మాటకు దూరంగా ఉంటేనే అయోమయం ఉండదని ఒక వాదం ఉంది. 'అధస్తరం' అంటే సమాసాలకు కూడా బాగా ఒదుగుతుందంటారు. ఆ వాదంలో కొంత పస ఉంది. కానీ భౌతికశాస్త్రంలో మనం వాడే బలం, పని, వేగం, కాంతి ఏ ఆకాశం నుంచి ఊడిపడ్డాయి? పిల్లవాడు 'పని' అన్న మాటను పదో తరగతిలో గణితంగా నేర్చుకొని కూడా ఇంట్లో పని చేయగలుగుతున్నాడు. మామూలు మాటకు పదునైన నిర్వచనం ఇవ్వడం కష్టమేమీ కాదు. పదునైన మాటకు తప్పు బొమ్మ అంటుకుంటే దాన్ని వదిలించడమే కష్టం.

పొరల పొత్తు కుదరకపోతే ఏమవుతుందో చూడడానికి మాకు పులివెందుల ఉంది. అక్కడి రాతినార, శాస్త్రం పేరు క్రైసొటైల్, రెండు రకాల పొరలు జంటగా కలిసిన ఖనిజం. ఒకటి సిలికా పొర, రెండోది మెగ్నీషియం హైడ్రాక్సైడు పొర. రెండోది కొంచెం పెద్దది. గ్రాఫీన్, బోరాన్ నైట్రైడుల మధ్య ఉన్నదీ ఇలాంటి పేచీయే. అయితే వాటి మధ్య పట్టు బలహీనం కనుక ఒకదాని మీద ఒకటి జారి, మ్వారే అచ్చుతో సరిపెట్టుకుంటాయి. రాతినారలో రెండు పొరలూ గట్టి బంధాలతో కట్టుబడి ఉన్నాయి. జారే వీలు లేదు. అందుకని జంట మొత్తం చాపలా చుట్టుకుపోతుంది, పెద్ద పొర వెలుపలికి, చిన్నది లోపలికి. అలా చుట్టుకున్న గొట్టాలే ఆ నార. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు. ఇలాంటి ఉదాహరణ జిల్లాలోనే ఉండగా, కడప పిల్లవాడికి పొరల పొంతన గురించి చెప్పడానికి అమెరికా బొమ్మలు ఎందుకు?

అలాగని ఖనిజాల గొప్పలు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ గొప్పలతో మా ప్రాంతానికి ఒరిగింది తక్కువ. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రాల కోసం వంగి వెతికేవారిని ఏటా చూస్తుంటాం. వారు వెతికేదీ కర్బనమే. దొరికినవాడి అదృష్టం ఆ రాయిలో ఉందనుకుంటాం. ఇక్కడేమో పెన్సిలు ములుకులోని కర్బనమే, పేర్పు మారితే, నేల మారితే, అవాహకమో అతివాహకమో అయస్కాంతమో అవుతోంది. ఒకప్పటి కడప జిల్లా మంగంపేటలో ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ముగ్గురాయి అంటే బేరియం ఖనిజం, ఎక్కువగా చమురు బావుల తవ్వకంలో వాడే బురదకు పొడిగా పోతుంది. ప్రపంచంలో ఉత్తమమైన బోరాన్ నైట్రైడు పలుకులను జపానులోని సుకుబాలో తకాషి తనిగుచి, కెంజి వతనబె బేరియం కలిసిన ద్రావణంలోనే పెంచారు, వాయుమండల పీడనానికి నలభై వేల రెట్ల పైన, 1500 డిగ్రీల దగ్గర. 'చూశారా, మన ముగ్గురాయే' అని ఎవరైనా మురిసిపోతారేమోనని ముందే చెబుతున్నాను, విశేషం బేరియంలో లేదు. ఆ ఇద్దరు ఆ పలుకులను ఏళ్ళ తరబడి శుద్ధి చేసిన ఓపికలో ఉంది. వారు మొదలుపెట్టింది గ్రాఫీన్ కోసం కూడా కాదు, అతినీలలోహిత కాంతి కోసం. తరువాత అడిగినవారికల్లా పంపారు. వందల పరిశోధన పత్రాల్లో రచయితల వరుసలో వారి పేర్లు కనబడతాయి. అయినా 2020లో ఈ విషయానికి వుల్ఫ్ బహుమతి ఇచ్చినప్పుడు పేర్లు బిస్ట్రిట్జర్, మెక్‌డొనాల్డ్, హరియో-హెరేరోలవి. ఆ ముగ్గురి అర్హత మీద నాకు అనుమానమేమీ లేదు. నేలను తయారుచేసినవారిని 'ఆధారం' కింద లెక్కవేసే అలవాటు మాటతో ఆగదని మాత్రం అంటాను.

మనవడి దగ్గరికి వస్తాను. వాడిది ఇంకో ఫిర్యాదు. "ఇవన్నీ చదివి ఏం చేసేది తాతా, మా దగ్గర ల్యాబు లేదు గదా" అన్నాడు. నిజమే. కెల్విను కంటే దిగువకు చల్లార్చే యంత్రాలు, ధూళి లేని గదులు మా జిల్లాల కళాశాలలకు ఎక్కడివి? కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. కర్నూలులోనే కేంద్రం పెట్టిన ఐఐఐటీడీఎమ్ 2015లో. ఆలస్యంగా వచ్చిన చదువులు. కానీ ఆ ఫిర్యాదు సగమే నిజం. మాయా కోణాన్ని మొదట చూసింది యంత్రం కాదు, లెక్క. బిస్ట్రిట్జర్, మెక్‌డొనాల్డుల నమూనా కొన్ని వందల వరుసల మాత్రికగా తేలుతుంది. దాన్ని మామూలు ల్యాప్‌టాప్ మీద కొద్ది నిమిషాల్లో సాధించవచ్చు. నేలను కూడా అందులో వేయవచ్చు, బోరాన్ నైట్రైడుకు ఆనిన పొరలోని రెండు జట్లకు వికర్ణం మీద ఒకదానికి కూడిక, మరొకదానికి తీసివేత, పది ఇరవై మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ల పరస్పర పోరు ఆ మాత్రికలో ఉండదు. అతివాహకత ఎందుకన్నది దానితో తేలదు. అయినా నేల చేసే మొదటి పని అందులో కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ఎమ్మెస్సీ రెండో ఏడాది పిల్లలకు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా ఇవ్వదగిన పని ఇది. ఇవ్వడానికి అధ్యాపకుడికి కావలసింది నిధులు కాదు, ఒక వేసవి తీరిక. మా పిల్లలకు మాత్రం ఇప్పటికీ నిర్వచనాలు వల్లెవేయించి, ఫలకాల మీద 'సబ్‌స్ట్రేట్' అని బాణం గుర్తు గీయించి వదిలేస్తున్నారు.

వాడు వెళ్ళిపోయిన రెండు వారాలకు, తప్పు దిద్దుకుంటూ ఇదంతా ఫోనులో చెప్పాను. 'నేల' అనగానే నవ్వాడు. ఆ తరువాత నెల రోజులు జవాబు లేదు. మొన్న రెండు పటాలు పంపాడు, పక్కపక్కన. మొదటిదాంట్లో రెండు చదునైన గీతలు మూలల దగ్గర ఒకదానికొకటి తాకుతున్నాయి. రెండోదాంట్లో వాటి మధ్య సన్నని ఖాళీ. మొదటిదాని కింద 'నేల లేనప్పుడు', రెండోదాని కింద 'నేల ఉన్నప్పుడు' అని తెలుగులో టైపు చేశాడు. గుర్తుల్లో ఒకచోట తప్పుంది, సెమినారుకు ముందే చెప్పాలి.